విత్తనం వేసిన శుక్రవారం

వారాలు లెక్కబెట్టే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా నెల తప్పిందని చెబితే చాలు, "ఎన్ని వారాలు?" అని అడుగుతాను. చెప్పిన దాంట్లోంచి మనసులో రెండు తీసేస్తాను. తీసేసి, ఆ రోజుకు ఆమె మొగుడు ఊళ్ళో ఉన్నాడా అని నా బుద్ధి ఒక్క క్షణం వెతుకుతుంది. అప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది. నన్ను తూచిన తక్కెడలోనే ఇంకొకరిని పెట్టి తూస్తున్నానే అనిపిస్తుంది.

అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా నాకు పెళ్ళి చేశారు. నా సబ్జెక్టు జువాలజీ. కప్ప గుడ్డు ఎప్పుడు రెండుగా చీలుతుంది, ఎప్పుడు నాలుగుగా చీలుతుంది అని బొమ్మలు వేసి రాస్తే మా మేడమ్ పదికి తొమ్మిది వేసేది. మనిషి కడుపు లెక్క ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఆ మూడు బిల్డింగుల కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కప్పకు ఉన్న మర్యాద మాకు లేదు.

అత్తగారి ఊరు నల్లమాడ దగ్గర పల్లె. ఆరెకరాల ఎర్రనేల, వానొస్తేనే పంట. మా ఆయన బోరు బండి మీద పనికి పోయేవాడు. నాగపూర్ అవతల ఎక్కడెక్కడో నెలల తరబడి తిరిగి ఊరూరా భూమికి బొక్కలు పెట్టి నీళ్ళు పడేసి వచ్చే మనిషి. మా చేన్లో మాత్రం రెండుసార్లు బోరు వేస్తే రెండుసార్లూ దుమ్మే లేచింది. శివరాత్రి తర్వాత బయలుదేరితే వానలు గట్టిగా పట్టుకుని ఆ నల్లమట్టిలో బండి దిగబడిపోయేదాకా ఇంటి ముఖం చూసేవాడు కాదు. అలా ఉంటే పెళ్ళయి రెండేళ్ళయినా కడుపు పండలేదని తప్పు నా మీద పెట్టేవారు.

ఆ ఇంట్లో నెలసరి అయితే మూడు రోజులు బయట కూర్చోవాలి. పశువుల కొట్టం పక్కన చిన్న వసారా, ఒక చాప, ఒక చెంబు, ఒక తట్ట. నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి రావాలి. హాస్టల్లో మూడు రోజులూ ల్యాబుకు పోయి, మెస్సులో తిని, సినిమాకు కూడా పోయిన నాకు ఆ వసారా జైలే. ఆడదాని ఒంటి సంగతి వీధి వీధంతటికీ తెలిసేది దానివల్లే. మా అత్త క్యాలెండర్ చూసేది కాదు. నేను తలకు పోసుకున్న రోజులన్నీ ఆమె వేళ్ళ కణుపుల మీద ఉండేవి.

ఆ యేడు వాన ఆలస్యంగా, జూలైలో వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం దంచి కొట్టింది. గురువారం తెరిపి ఇచ్చింది. శుక్రవారం పొద్దున విత్తనం అనుకున్నారు. మా వైపు పదును అంటే విత్తనం మొలవడానికి సరిపడా తేమ. అది నిలిచేది రెండు రోజులు, మహా అయితే మూడు. అందరి చేలకూ ఒకేసారి పదును వస్తుంది కాబట్టి కూలి మనిషి దొరకదు. ఎద్దులు లాగే గొర్రు మీద జడ్డిగం అని చెక్క గిన్నె ఉంటుంది. ఒడిలో వేరుశనగ విత్తనం పోసుకుని, గొర్రు వెనక నడుస్తూ, ఆ గిన్నెలోకి గింజలు సమంగా వదలాలి. అత్తకు మోకాళ్ళ నొప్పులు. ఆ పని చేయడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

గురువారం సాయంత్రం అత్త అడిగింది. "ఏమ్మే, రేపు బయట కూర్చోకుండా ఇంట్లోనే ఉంటావు గదా? దినాలు అయినట్లుండాదే."

"ఉంటానత్తా. వేడి చేసిందేమో, ఆలస్యమైతాంది," అన్నాను. ఆ మాట అనేటప్పటికి అది నిజమే.

శుక్రవారం పొద్దున గొర్రుకు పసుపు కుంకుమ పెట్టారు. టెంకాయ కొట్టబోయే ముందు బాత్రూంలో చూసుకున్నాను. అయింది. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను. ముట్టులో ఉన్న ఆడది విత్తనం తాకడం సంగతి దేవుడెరుగు, ఆ రోజు చేను గట్టు కూడా తొక్కకూడదు. చెబితే నేను వసారాలో కూర్చుంటాను, పదును పోతుంది, "ఎప్పుడూ మంచి దినానికే నీకొస్తాది" అని అత్త యేడాదంతా పాట పాడుతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? మట్టికేం తెలుసు? నేను చదువుకున్నదాన్ని కదా అనుకున్నాను. ట్రంకు పెట్టె అడుగున హాస్టల్ నాటి ప్యాడ్లు ఉన్నాయి. ఒకటి తీసుకున్నాను.

నా ఒడిలో మొదటి దోసెడు విత్తనం పోసింది మా అత్తే. పొద్దు గూకేదాకా నడిచాను. కడుపులో మెలిపెడుతున్నా ఒక్క సాలు వంకర పోనివ్వలేదు. "మా కోడలు గింజ వదిలిందంటే ముత్యాలు గుచ్చినట్లే," అని మామ గట్టు మీద నిలబడి పక్క చేను వాళ్ళకు వినిపించేలా అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండింది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి కూలికి ఒకామె దొరికింది, ఆమె నేను కలిసి మిగతాది ముగించాం.

ఆ ఐదు రోజులూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. ఇంకో వారం ఆగి, ఊరికే అయిందని చెప్పి వసారాలో కూర్చుంటే అత్త కణుపుల లెక్క సరిపోతుందిలే అనుకున్నాను. అంతలో మా ఆయన ఫోన్ చేశాడు. అక్కడ వానలు పట్టుకున్నాయి, బండి ఆపేశారు, వస్తున్నానన్నాడు. ఐదు నెలల తర్వాత మొగుడు ఇంటికొస్తుంటే నేను పశువుల పక్కన చాప మీద కూర్చుని స్వాగతం చెప్పాలా? కూర్చోలేదు. విత్తనం వేసిన పన్నెండో రోజు, బుధవారం, మా ఆయన వచ్చాడు. పది రోజులుండి, బండిని వానలు తక్కువున్న వైపుకు మార్చారని కబురొస్తే మళ్ళీ పోయాడు. ఆ పది రోజులూ నాకు ఏ లెక్కా గుర్తు రాలేదు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. అత్త మొదట సంబరపడింది. ఆలస్యమైన ముట్టు రాకుండానే కొడుకు వచ్చాడు, కడుపు నిలిచింది అని తనకు తానే సర్దిచెప్పుకుని వీధిలో నలుగురికీ చెప్పుకుంది. ఊరి సబ్ సెంటర్‌కు తనే తీసుకుపోయింది. నర్సు కార్డు తెరిచి, "ఆఖరుసారి ఎప్పుడు ముట్టైనావమ్మా?" అని అడిగింది. నా బదులు అత్తే చెప్పింది, విత్తనానికి నెల ముందు నేను తలకు పోసుకున్న రోజు. నర్సు అందులోంచి మూడు రోజులు వెనక్కి పోయి తేదీ రాసుకుంది. తప్పు తేదీ అని నాకు తెలుసు. ఒక తేదీలో ఏముందిలే అనుకుని ఊరుకున్నాను.

ఈలోపల చేను ఎండుతోంది. మొలక బాగానే వచ్చింది, పూత కూడా వచ్చింది. పూత నుంచి ఊడలు దిగే సమయానికి వాన లేక నేల గట్టిపడింది. ఊడ మట్టిలోకి దిగకపోతే కాయ కట్టదు. ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. అత్త ఊరికే ఉండలేక, విత్తనానికి ముట్టు తగిలిందని తేల్చింది. తగిలించింది రెండో రోజు కూలికొచ్చిన ఆమేనని కూడా తేల్చి, వీధిలో నిలబెట్టి అడిగింది. ఆమె ఏడ్చింది, బిడ్డల మీద ఒట్టు పెట్టింది. నేను వాకిట్లో చీపురు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ తర్వాత ఆమెను మా చేనికే కాదు, మా బంధువుల చేలకు కూడా పిలవలేదు. నేను చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా తినేది ఇదే. ముట్టు దాచడం కాదు, ఆ రోజు నోరు మూసుకోవడం.

ఒక శనివారం స్కానింగ్‌కు కదిరి పోయాం. డాక్టరమ్మ మిషన్ తెర నా వైపు తిప్పి, మిణుకుమిణుకుమంటున్న చుక్కను చూపించి, "గుండె కొట్టుకుంటోంది. ఎనిమిది వారాల ఒక రోజు," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు పూర్తిగా సంతోషంతో ఏడ్చిన ఏడుపు, ఆ తర్వాత చాలా రోజులు అలాంటిది రాలేదు. లేచి చూస్తే అత్త మొహంలో నవ్వు లేదు. బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. బస్సు కదిరి దాటింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది. "నా కొడుకొచ్చి ఎన్ని వారాలు?"

"ఆరు దాటింది," అన్నాను.

"ఎనిమిది వారాల కిందట విత్తనం ఏసినాము. అప్పుడు వాడు యాడుండాడు?"

నేను కూడా లెక్కపెట్టాను. ఒకసారి కాదు, ఊరొచ్చేదాకా. ఎనిమిది వారాల కిందట మా ఆయన నాగపూర్ అవతల ఉన్నాడు. ఈ లోకంలో ఇంకో మగాడు నా చెయ్యి కూడా పట్టుకోలేదు. అది నాకు తెలుసు. తెలిసినా, మిషన్ అబద్ధం చెప్పదు కదా అని ఒక భయం. నాకు తెలియకుండా నాకేమైనా జరిగిందా అని కూడా అనుకున్నాను. నా ఒంటి మీద నాకే అనుమానం వచ్చింది చూడండి, అంతకంటే హీనం ఇంకేముంటుంది.

ఇంటికి రాగానే అత్త తలుపు వేసింది. మామ బయట అరుగు మీద పలుపుతాడు పేనుకుంటున్నాడు, ఆయనకు అంతా వినబడుతోంది.

"కార్డులో పన్నెండు అయితాది. మిషన్లో ఎనిమిది. నా కొడుకు లెక్క ఆరు. ఒక్క కడుపుకు మూడు లెక్కలు యాడన్నా ఉండాయా? విత్తనం నాటికే నువ్వు బయట కూర్చోవాల్సింది, కూర్చోలేదు. అంటే అప్పటికే నిలబడిపోయినాదన్న మాట. వేడి చేసిందని నాకు కత చెప్పినావు."

"లేదత్తా, నీ కొడుకు తప్ప..."

"నోరెత్తద్దు. అనంతపురం పోదాం. తీయించుకొని అట్నుంచి అట్లే మీ అమ్మోళ్ళింటికి పో."

ఎప్పుడు పోవాలో కూడా ఆమే నిర్ణయించింది. ముందున్న దినాలు మంచివి కావు కాబట్టి గురువారం. నా బిడ్డను తీసేయడానికి కూడా ఆ ఇంట్లో మంచి దినం చూశారు.

ఛార్జింగ్ పెడతానని నా ఫోన్ తీసుకుంది, మళ్ళీ ఇవ్వలేదు. సాయంత్రం మా ఆయనకు తనే చేసి, స్పీకర్ పెట్టి నా ముందు పట్టుకుంది. అటువైపు బోరు మిషన్ మోత. "నేను నిన్ను నమ్ముతా," అన్నాడు ఆయన. "నమ్ముతా కానీ, లెక్క ఏందో చెప్పు." ఆ కానీ దగ్గర నేను ఆగిపోయాను. లెక్క నాకు తెలిస్తే కదా చెప్పేది. "మిషన్ తప్పు చూపించింటాది," అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆయన "సరే, అమ్మ చెప్పినట్టు ఇను," అని పెట్టేశాడు.

ఆది, సోమవారాలు గడప దాటలేదు. నీళ్ళకు కూడా అత్తే పోయింది. మా అమ్మకు చెప్పుకుందామంటే ఫోన్ లేదు. బస్సెక్కి పోదామంటే చేతిలో రూపాయి లేదు, పోతే తప్పు ఒప్పుకున్నట్టే.

మంగళవారం నర్సు కబురు చేసింది, స్కానింగ్ కాగితం రిజిస్టర్లో ఎక్కించాలి, రమ్మని. పోకపోతే ఊళ్ళో మాట లేస్తుందని అత్త నన్ను వెంటబెట్టుకుని పోయింది. తను సబ్ సెంటర్ వరండాలో కూర్చుని నన్ను లోపలికి పంపింది. నర్సు కదిరి నుంచి వచ్చే ముస్లిం ఆమె, యాభై ఏళ్ళుంటాయి. కాగితం చూసి, కార్డు చూసి, "ఇదేందమ్మా, నాలుగు వారాలు తేడా వస్తాంది," అంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. గురువారం సంగతి, ఆరు వారాల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. శుక్రవారం సంగతి ఒక్కటి చెప్పలేదు.

ఆమె నవ్వింది. వెక్కిరింపు కాదు, అలసిపోయిన నవ్వు. "అరే, దీనికా ఇంత పరేషాన్? ఎంతమంది కాపురాల్లో చూసినానో ఈ గొడవ," అని సొరుగులోంచి గుండ్రటి అట్ట తీసింది. ఒక అట్ట మీద ఇంకో చిన్న అట్ట, మధ్యలో తిరుగుతుంది. పెద్దదాని చుట్టూ నెలలు, తేదీలు. చిన్నదాని చుట్టూ వారాలు.

"మేము లెక్క మొదలుపెట్టేది మొగుడు పెళ్ళాం కలిసిన దినం నుంచి కాదమ్మా. ముట్టైన మొదటి దినం నుంచి. కలిసిన దినం ఎవురికి కచ్చితంగా తెలుస్తాది? తెలిసినా ఆ పొద్దే నిలబడిందని ఎవురు చెప్తారు? ముట్టైన దినమైతే ప్రతి ఆడదానికీ తెలుస్తాది. అందుకని అది పట్టుకుంటారు. అప్పటికి కడుపులో ఏమీ ఉండదు. గుడ్డు వచ్చేదే ఇంకో రెండు వారాలకు. ఆ రెండు వారాలు ఉత్తివే, లెక్కలో మాత్రం ఉంటాయి. తొమ్మిది నెలల ఏడు దినాలు అంటామే, అది గూడా ఆ మొదటి దినం నుంచే."

"మరి మిషన్?"

"మిషన్ బిడ్డ పొడుగు కొలుస్తాది. అంత పొడుగుంటే ఇన్ని వారాలని రాస్తాది. రాసేటప్పుడు ఆ ఉత్త వారాలు గూడా కలిపే రాస్తాది. నాలుగైదు దినాలు అటూ ఇటూ పోవచ్చు. రెండు వారాలు పోదు. ఎనిమిదంటే నీ బిడ్డకు ఆరు. నీ మొగుడొచ్చి ఆరు. ఇంకేం కావాల?"

నా గుండె మీద నుంచి బండ తీసినట్టయింది. ఒక్క నిమిషమే. ఆమె ఆ చిన్న అట్టను పట్టుకుని, ఎనిమిది వారాల ఒక రోజు అన్న గీతను శనివారం తేదీకి సరిగ్గా పెట్టింది. మొదట్లో ఉన్న బాణం గుర్తు వెనక్కి పోయి ఒక తేదీ దగ్గర ఆగింది. తిరిగి తిరిగి అది ఆగింది విత్తనం వేసిన శుక్రవారం మీదే. ఒక్క రోజు కూడా తేడా లేదు. ఎవరూ చూడలేదనుకున్నాను. మిషన్ బిడ్డ పొడుగు కొలిచి మరీ చెప్పేసింది.

"ఈ దినం ముట్టైనావు. అవునా?"

"అవునక్కా."

"మరి మీ అత్త చెప్పిన తేదీ?"

నేను తల వంచుకున్నాను. ఆమెది కూడా పల్లెల్లో ముప్పయ్యేళ్ళ సర్వీసు. జూలై శుక్రవారం అంటే ఏమిటో అర్థమయ్యే ఉంటుంది. ఏమీ అడగకుండా అత్తను లోపలికి పిలిచి, నాకు చెప్పినట్టే ఆమెకూ ఓపిగ్గా చెప్పింది. అత్త చివరిదాకా విన్నది. బడికి పోలేదు గానీ లెక్కలో మా మేడమ్ కంటే గట్టిది.

"సరే, ఎనిమిదిలో రెండు తీసేస్తే ఆరు. ఒప్పుకుంటి. మొదలుపెట్టేది ముట్టు నుంచి అంటాండావు గదా? యా ముట్టు? విత్తనం నాడు ఈమె బయట కూర్చుండిందే లేదు. ముట్టే లేకపోతే లెక్క యాడ మొదలుపెట్టినారు మీరు?"

నర్సు నా వైపు చూసింది. నేను గోడ మీద టీకాల బొమ్మ వైపు చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. శుక్రవారం నాకు ముట్టు కాలేదంటే బిడ్డ నా మొగుడిది కాదు. అయిందంటే ఆరెకరాలు ఎండబెట్టింది నేనే. ఒక ఆడదాన్ని వీధిలో ఏడిపించిన దొంగ కూడా నేనే.

"అత్తా కోడళ్ళు ఇంటికి పోయి మాట్లాడుకోండి," అంది నర్సు. కార్డు మీద పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ రాసింది.

ఇంటికి పోయే దారి మా చేను పక్కనుంచే. ఆకులు ముడుచుకుని, మధ్యాహ్నం ఎండకు చెట్లన్నీ తలలు వేలాడేశాయి. అక్కడ ఆగాను. గడప లోపలికి పోతే ఆ మాట నా నోట ఇక రాదని తెలుసు.

"అత్తా, విత్తనం నాడు పొద్దున నాకైంది. చెప్పలేదు. అట్లే ఏసినాను."

ఆమె వేళ్ళు విప్పి కణుపుల మీద లెక్క మొదలుపెట్టింది. శుక్రవారం, పన్నెండో నాడు కొడుకు రావడం, పద్నాలుగో నాడు, అలా శనివారం దాకా. పెదవులు కదులుతున్నాయి. "అయితే మావాని బిడ్డే," అంది. మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, నా భుజం పట్టుకుంది కూడా. ఆ తర్వాత ఆమె చూపు నా మీద నుంచి చేను మీదికి పోయింది. భుజం మీది చెయ్యి తీసేసి, ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది.

"ఈ మాట మీ మామ చెవిన పడితే ఆ గొర్రుకే కట్టి కొడతాడు నిన్ను. నా నోట రాదు. నీ నోట రానీయద్దు. ఇంగ ఎప్పుడూ విత్తనాల దిక్కు చూడద్దు."

గురువారం ప్రయాణం లేదు. ఆ సాయంత్రమే కొడుక్కు ఫోన్ చేసి, డాక్టర్లు రెండు వారాలు ఉత్తవి కలిపి రాస్తారంట, నర్సు చెప్పింది, లెక్క కుదిరింది అంది. ఆయన సంతోషంగా నవ్వాడు. నన్నేమీ అడగలేదు. క్షమించమని కూడా అడగలేదు. ఏప్రిల్ ఎండల్లో, నర్సు అట్ట చూపించిన తేదీకి మూడు రోజుల ముందు, నాకు ఆడపిల్ల పుట్టింది.

అత్త పెద్దగా కొట్టింది లేదు, తిట్టింది లేదు. అవసరమైనప్పుడు "ఆ శుక్రవారం" అనేది, అంతే. ఆగిపోయిన డిగ్రీ పరీక్షలు రాస్తానంటే, "ఆ శుక్రవారం గూడా సదువుకున్న తెలివేనా?" అంది. ఊరుకున్నాను. కదిరిలో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చినప్పుడు మామ సరేనన్నాడు. అత్త నా వైపు చూసి, "చెప్పమంటావా?" అంది. నేనే పోనన్నాను. మా అమ్మకు ఒంట్లో బాగా లేనప్పుడు పది రోజులుంటానని చెప్పి నాలుగో రోజుకే వచ్చేశాను. ఆ కూలామెను మళ్ళీ పిలుద్దామని రెండుసార్లు అన్నాను. పిలిస్తే ఎందుకు పిలిచామో మామకు చెప్పాలి గదా అంది. విత్తనాల రోజున నేను ఇంట్లోనే ఉండేదాన్ని. విత్తనానికి పట్టించే మందు పొడి మా కోడలికి పడదు, దద్దుర్లొస్తాయి అని ఊరందరికీ చెప్పింది. ప్రతి యేడూ ఎవరో ఒకరు ఈ యేడైనా తగ్గిందా అని అడుగుతారు. తగ్గలేదంటాను. మధ్యలో ఎన్నో యేళ్ళు వాన రాలేదు, ఎన్నో పంటలు పోయాయి. నేను విత్తనం తాకకపోయినా పోయాయి. ఆ మాట అనడానికి కూడా నాకు నోరు లేదు.

ఈ యేడు విత్తనానికి రెండు రోజుల ముందు అత్త కంటి ఆపరేషన్ కోసం చూపించుకోవడానికి కొడుకుతో అనంతపురం పోయింది. పిల్ల బడికి పోయింది. మామ అరుగు మీద కూర్చుని చాటలో వేరుశనగ గింజలు ఏరుతున్నాడు. పుచ్చులు తీసి పడేస్తున్నాడు. ఆయనకూ కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. నేను దూరంగా నిలబడి మంచినీళ్ళ చెంబు గడప మీద పెట్టాను.

"వచ్చి రెండు చేతులెయ్యమ్మా," అన్నాడు.

"వద్దు మామా. నాకు పడదు గదా."

"ఏం పడదు? ఇంకా మందే కలపలేదు." తలెత్తకుండానే అన్నాడు. "ఆ శుక్రవారం సంగతేనా? ఇంకా అది పట్టుకోనుండావా నువ్వు?"

స్తంభం పట్టుకున్నాను. "మీకెవరు చెప్పినారు మామా?"

"మీ అత్తే. ఆ పొద్దే చెప్పింది, మీరు నర్సు దగ్గర్నుంచి వచ్చిన పొద్దే. ఆ యేడు ఈ మండలంలో ఎవురి చేను పండిందని? వాళ్ళందరి కోడళ్ళూ ముట్టైనారా అన్నా నేను. బిడ్డ మన బిడ్డే అని తేలింది గదా, ఇంగ వదిలెయ్ అన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన ఒక పుచ్చు గింజ తీసి పక్కన పడేశాడు. "మీ అత్త వద్దన్నాది. కోడలికి ఏదో ఒక భయం ఉంటేనే ఇల్లు నిలబడతాదంట. ఆడోళ్ళ సంగతి, నాకెందుకులే అనుకుంటి."

పన్నెండేళ్ళు. నా పరీక్షలు, నా ఉద్యోగం, మా అమ్మ దగ్గర ఉండాల్సిన ఆరు రోజులు, ఏ తప్పూ లేకుండా పనిపోయిన ఒక మనిషి. ఈయన ఆ అరుగు మీదే కూర్చుని అన్నీ చూశాడు. ఒక్క మాటతో అయిపోయేది. అత్త మీద కంటే ఈ మంచి మనిషి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అరవాలనిపించింది.

మామ చాటను నా వైపు జరిపాడు. గింజలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. నేను చాట ముందు కూర్చున్నాను కూడా. ఇంట్లో ఎవరూ లేరు, వద్దనేవాళ్ళు లేరు. ఎంతసేపు కూర్చున్నా గింజను తాకడానికి నాకు చెయ్యి రాలేదు.